పోలీసులకు తోడుగా పెట్టిన సొసైటీ, ప్రెసిడెంటుగా నన్నుండమంటున్నారు. ఏం చేయమంటారు?

మందులకొట్టు_గుంటూరు:

అందరికీ నమస్కారమండీ. గుంటూరులో హాస్పిటళ్ళు వరసగా ఉండే ఒక రోడ్డులో మాది మెడికల్ షాపు. రోడ్డు పేరు రాయను. రాస్తే స్టేషనేదో తెలిసిపోతుంది, నేను రాసేవి ఆ స్టేషన్ మీద ఫిర్యాదులు కావు.

మా ఏరియాకి ప్రజాభద్రత కోసమని ఒక సొసైటీ ఉంది. కరోనా తగ్గాక అప్పటి సీఐ గారు డాక్టర్లనీ, ల్యాబుల వాళ్ళనీ, షాపుల వాళ్ళనీ కూర్చోబెట్టి రిజిస్టర్ చేయించారు. కెమెరాలు పెట్టారు, రిబ్బన్ కత్తిరించారు, పేపర్లో ఫొటో పడింది. తర్వాత ఆయనకి బదిలీ అయింది. ప్రెసిడెంటుగా ఉన్న డాక్టరు గారు హైదరాబాదులో ఏదో పెద్ద హాస్పిటల్లో చేరిపోయారు. ఫ్లెక్సీలు కట్టే కుర్రాళ్ళు కెమెరా వైర్లు ఎక్కడికక్కడ కోసేశారు. కెమెరాల రికార్డింగు దాచే పెట్టె, డీవీఆర్, ఒక ల్యాబు మెట్ల కింద ఉంది, దాని మీద ఖాళీ సెలైన్ అట్టపెట్టెలు పేర్చారు. బ్యాంకు ఖాతాలో మాత్రం డబ్బుందట. తీయాలంటే సంతకాలు పెట్టాల్సిన ఇద్దరూ ఊళ్ళో లేరు.

ఇప్పుడొచ్చిన సీఐ గారు దీన్ని మళ్ళీ లేపుదామంటున్నారు. మొన్న షాపుకొచ్చి బీపీ మాత్రలు తీసుకుంటూ, "అమ్మా, ప్రెసిడెంటుగా మీరుండాలి, మీరైతే అందరూ మాట వింటారు" అన్నారు. నేనే ఎందుకంటే, మా షాపు అర్ధరాత్రి దాటినా తెరిచుంటుంది. ఈ రోడ్డులో బండి పోయినా, వరండాలో ఛార్జింగ్ పెట్టిన ఫోన్ పోయినా, మాచర్ల నుంచో వినుకొండ నుంచో పేషెంటుతో వచ్చిన ముసలావిడ డబ్బుల సంచి పోయినా కానిస్టేబుల్ ముందు మా కౌంటర్ దగ్గరకే వస్తాడు, "మేడం, ఒకసారి ఫుటేజి" అంటూ. ఏటీఎం దగ్గర "నేను తీసిపెడతా పెద్దమ్మా" అని కార్డు మార్చేసే వాళ్ళ మొహాలు స్టేషన్‌లో వాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసు. పనికి భయం లేదు.

భయం వేరే. నేను చందాకి వెళ్తే షాపుల వాళ్ళు నన్ను చూసి ఇవ్వరు, నా వెనకాల సీఐ గారున్నారని ఇస్తారు. ఇవ్వనివాడి షాపు ముందు రేపు ట్రాఫిక్ వాళ్ళు బండ్లు ఎత్తుకెళ్తే, అది నిజంగా నో పార్కింగే అయినా, అందరూ నా వైపే చూస్తారు. పైగా మాది లైసెన్సు వ్యాపారం. నిద్రమాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు అడిగే కుర్రాళ్ళు రోజూ వస్తారు. ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వం, అలాంటి మందులు ఎవరికిచ్చామో హెచ్1 రిజిస్టర్‌లో రాస్తాం. అయినా సరే, ప్రెసిడెంటు షాపు కాబట్టి వదిలేశారనో, ప్రెసిడెంటే పక్క షాపు మీద చెప్పిందనో మాట పుట్టడానికి ఎంతసేపు?

సీఐ గారిని గౌరవాధ్యక్షుడిగా పెట్టాలా? పెడితే చందాలు బాగా వస్తాయని మా ల్యాబు ఆయన గోల. స్టేషన్‌కి ప్రింటరో, ఏసీనో, జీపు టైర్లో కావాలంటే సొసైటీ కొనొచ్చా? జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవచ్చా, అన్నీ నేనే మోయాలా? మా ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు, "ఎందుకొచ్చిన గొడవ" అని. అది కాక వేరే సలహా ఉంటే చెప్పండి.

హైటెక్_బెజవాడోడు:

దీనికింత ఆలోచన ఎందుకండీ. సైబరాబాద్‌లో సెక్యూరిటీ కౌన్సిల్ ఉంది కదా, ఎస్‌సీఎస్‌సీ. 2006 నుంచి నడుస్తోంది. పోలీసు కమిషనర్ చైర్మన్, ఐటీ కంపెనీల వైపు నుంచి సెక్రటరీ జనరల్. మహిళలకి ఒక ఫోరం, ట్రాఫిక్‌కి ఒకటి, సైబర్‌కి ఒకటి. ఆఫీసులకెళ్ళే ఆడపిల్లల కోసం నడిపే షీ షటిల్ బస్సులు వాళ్ళవే. ఆ పద్ధతి కాపీ కొట్టేయండి, అయిపోతుంది.

మందులకొట్టు_గుంటూరు:

బాబూ, అక్కడ ఒక కంపెనీ కట్టే ఫ్లోరు అద్దె మా రోడ్డు మొత్తం వ్యాపారమంత ఉంటుందేమో. వాళ్ళు కమిషనర్ గారి మొహం మీదే "ఈ ఏడు బడ్జెట్ లేదండీ" అనగలరు. మా జ్యూస్ బండి అతను కానిస్టేబుల్‌తో ఆ మాట అనగలడా? తేడా అక్కడే వస్తోంది.

రిటైర్డ్_పటమట:

అమ్మా, నేను ఎక్కువ కాలం బెజవాడలోనే పనిచేసి సీఐగా రిటైరయ్యాను. సూటిగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

సీఐని ఏ పదవిలోనూ పెట్టొద్దు. గౌరవాధ్యక్షుడు, ముఖ్య సలహాదారు, ఏ పేరైనా సరే. సీఐ ఒక చోట రెండేళ్ళుంటే గొప్ప. మీ సొసైటీ ఎందుకు పడిపోయిందో మీ ప్రశ్నలోనే ఉంది. అది ఆయన సొసైటీ, ఆయనతో పాటే రిలీవ్ అయిపోయింది. పైగా ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా చందాల వసూలులో పాలుపంచుకోకూడదని ప్రవర్తనా నియమాల్లోనే రాసుంది. రసీదు మీద ఆయన పేరుంటే ఎవడో ఒకడు పిటిషన్ పడేస్తాడు, మొదట ఇరుక్కునేది ఆయనే. ఈ మాట మీరే ఆయనతో అనండి. తెలివైనవాడైతే లోపల సంతోషిస్తాడు. మీటింగ్‌కి పిలవండి, కుర్చీ వేయండి, టీ ఇవ్వండి, ఓటు మాత్రం ఇవ్వకండి. చివరి అరగంట ఆయన లేకుండా కూర్చునే అలవాటు మొదటి మీటింగ్ నుంచే పెట్టండి. మధ్యలో పెడితే అవమానం అనుకుంటారు.

ఉమ్మడి రాష్ట్రంలో పోలీసులకి తోడుగా జనంతో మైత్రి సంఘాలు పెట్టినప్పుడు నేను ఎస్‌ఐని. ఉద్దేశం మంచిదే, వచ్చినవాళ్ళలో చాలామంది మంచివాళ్ళే. కొందరు మాత్రం స్టేషన్ ముందు బండి ఆపి, సెంట్రీని పేరు పెట్టి పిలిచి, లోపలికెళ్ళి కూర్చోవడానికి ఒక హోదా కోసం వచ్చినవాళ్ళు. స్థలం తగాదాలు, ప్రామిసరీ నోటు పంచాయితీలు, మొగుడూ పెళ్ళాల గొడవలు, అన్నిట్లో వాళ్ళే పెద్దమనుషులు. అలాంటి ఒక్కణ్ణి కమిటీలోంచి తీసేయడం కంటే కమిటీనే నిద్రపుచ్చడం తేలిగ్గా ఉండేది. మీకూ ఆ రకం మనిషి తగులుతాడు. ప్రెసిడెంటుకి అసలు పరీక్ష వాడే, దొంగలు కాదు.

తమిళనాడులో ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ అని ఉండేది. 1993లో రామనాథపురం జిల్లా ఎస్పీగా ఉన్న ప్రతీప్ ఫిలిప్ గారు మొదలుపెట్టారు, దేశమంతా మెచ్చుకుంది. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీ కొడుకులు కస్టడీలో చనిపోయినప్పుడు ఈ వాలంటీర్ల పేర్లు కూడా ఆరోపణల్లోకి వచ్చాయి. ఆ జులైలోనే అక్కడి ప్రభుత్వం నిషేధించింది. ఎంత మంచి పేరున్న సంస్థైనా, వాలంటీరు లాకప్ గది దాకా వెళ్ళాడంటే ఇక చెప్పుకోవడానికేమీ మిగలదు. అందుకని పోలీసు గుర్తుతో ఐడీ కార్డులు వద్దు, బండి మీద స్టిక్కర్లు వద్దు, కర్ర పట్టుకుని రాత్రి గస్తీలు వద్దు. కుర్రాళ్ళు ముందు అడిగేది ఆ కార్డే, చూస్తూ ఉండండి.

ఇంకోటుంది. సొసైటీ అంటూ ఉంటే స్టేషన్‌కి పంచనామా మధ్యవర్తులు చేతికి అందుబాటులో ఉన్నట్టే. "మేడం, చిన్న సంతకం" అంటూ వస్తారు. అవే పేర్లు నాలుగు కేసుల్లో కనిపిస్తే డిఫెన్స్ లాయరు లేచి వీళ్ళు స్టేషన్ మనుషులంటాడు. కేసూ పోతుంది, కోర్టు వరండాలో మీ రోజులూ పోతాయి. కళ్ళారా చూసింది చెప్పండి, చూడనిదానికి సంతకం వద్దు. మీరు ఆడవారు కాబట్టి ఇదీ గుర్తుంచుకోండి, సాక్షిగా విచారించడానికి మహిళని స్టేషన్‌కి రమ్మనడానికి లేదు, ఇంటి దగ్గరే విచారించాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో 160వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 179.

ఒప్పుకోండి అనే నా సలహా. ఎందుకొచ్చిన గొడవ అనుకునేవాళ్ళు ప్రెసిడెంటు కాకపోతే, ఆ గొడవ కావాలనుకునేవాళ్ళు అవుతారు.

మందులకొట్టు_గుంటూరు:

నమస్కారం సార్. మా ఆయనకి చివరి ముక్క చదివి వినిపించాను, టీవీ సౌండు పెంచారు.

ఫుటేజి సంగతి అడుగుతాను. ఇప్పటిదాకా కానిస్టేబుల్ పెన్‌డ్రైవ్ తెస్తాడు, మా కుర్రాడు కాపీ చేసిస్తాడు. ఎవరు తీసుకెళ్ళారో, ఏ కేసుకో రాసుకున్నది లేదు. ఒకసారి ఒకావిడ ఎవరితోనో హాస్పిటల్‌కొచ్చిన వీడియో వాళ్ళ ఇంటివాళ్ళ ఫోన్‌లోకి చేరింది. మా షాపు నుంచి వెళ్ళింది కాదు, ఎక్కణ్ణుంచి వెళ్ళిందో తేలలేదు. సొసైటీ పేరు మీద కెమెరాలుంటే ఆ పూచీ ఎవరిది?

రిటైర్డ్_పటమట:

పూచీ సొసైటీదే, అంటే మీదే. కాబట్టి నోటిమాట మీద ఇవ్వకండి. బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద రాతపూర్వకంగా అడిగే అధికారం స్టేషన్‌కి ఉంది, పాత 91 అన్నమాట. అర్జెంటైతే ఆ క్షణంలో చూపించండి, కాపీ మాత్రం కాగితం వచ్చాక ఇవ్వండి. ఇది వాళ్ళకీ మేలే. కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ లేకపోతే ఆ వీడియో కోర్టులో నిలవడం కష్టం. పాత 65బీ అంటే లాయర్లందరికీ తెలుసు. ఇప్పుడు ఆ ఫారంలో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి నంబరు, కూడా రాయాలి. పరికరం ఎవరి అజమాయిషీలో ఉందో వాళ్ళు ఒక భాగం సంతకం చేయాలి, నిపుణుడు రెండోది. డీవీఆర్ మెట్ల కింద అనాథగా పడుంటే ఆ సంతకం ఎవరు పెడతారు?

ఇంకో సంగతి. మీ రోడ్డులో పెద్ద హాస్పిటళ్ళకి కెమెరాలు సొసైటీ ఎందుకు కొనాలి? 2013 నాటి ప్రజాభద్రత చట్టం ప్రకారం వంద మందికి పైగా చేరే చోట్ల కెమెరాలు పెట్టి, ముప్పై రోజుల రికార్డింగు ఉంచాల్సింది యాజమాన్యమే. ముందు వాళ్ళ గుమ్మాల ముందు వాళ్ళ చేత పెట్టించండి. చందా డబ్బు సందులకి, బస్టాపుకి, వెలుతురు లేని మలుపులకి మిగులుతుంది.

ఆడిటర్_బ్రాడీపేట:

మేడం, పదవి తర్వాత, ముందు సొసైటీ బతికుందో లేదో చూడండి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏటా జనరల్ బాడీ అయిన పదిహేను రోజుల్లోపు కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. మీరు చెప్పేదాన్ని బట్టి ఎవరూ ఇచ్చి ఉండరు. ఆ బకాయిలన్నీ దాఖలు చేయించి, కొత్త కమిటీ జాబితా మీద సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుంటేనే బ్యాంకులో సంతకాలు మార్చడానికి దారి దొరుకుతుంది. పాత కమిటీ నుంచి ఒక తేదీ దాకా ఆడిటైన లెక్కలు తీసుకోకుండా బాధ్యత తీసుకోవద్దు. ఆ తేదీకి ముందువి వాళ్ళవి, తర్వాతవి మీవి. మొహమాటపడితే పాత డీవీఆర్ బిల్లుకి కూడా మీరే సమాధానం చెప్పాలి.

ఇక డబ్బు. షాపుకింత అని నెలనెలా "కెమెరా మెయింటెనెన్స్" పేరుతో వసూలు చేస్తే అది చందా కాదు, సేవకి రుసుం. సాధారణ ప్రజాప్రయోజనం కింద రిజిస్టరైన సంస్థకి అలాంటి రాబడి మొత్తం వసూళ్ళలో 20 శాతం దాటితే ఆ ఏడాది పన్ను మినహాయింపే పోతుంది. చాలా కాలనీ సొసైటీలు ఇక్కడే దెబ్బతింటున్నాయి. విరాళమంటే విరాళం. ఇచ్చినవాడికి ప్రత్యేకంగా ఏదీ రాకూడదు, ఇవ్వనివాడికి ఏదీ ఆగకూడదు. మీ భయానికి కూడా మందు అదే. ఇచ్చినవాళ్ళ జాబితా బోర్డు మీద పెట్టొద్దు, స్టేషన్‌కి అసలు ఇవ్వొద్దు. మొత్తం వసూలు, మొత్తం ఖర్చు మాత్రం నెలనెలా గోడ మీద అంటించండి.

విరాళమిచ్చినవాళ్ళకి పన్ను తగ్గించే 80జీ ఉంటే డాక్టర్లు ఇస్తారు, కానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే లాభం, రెండు వేలు దాటిన నగదుకి అదీ లేదు. కొత్త ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినా వాడుకలో 80జీ అనే అందాం. కార్పొరేట్ హాస్పిటళ్ళు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే కంపెనీల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి. అవన్నీ రెండో ఏడాది సంగతి. మొదట ముగ్గురిలో ఇద్దరి సంతకం ఉండే ఖాతా, చందా పుస్తకానికి నంబర్లు. మీరూ ట్రెజరరూ ఒకే కుటుంబం కాకూడదు.

స్టేషన్‌కి వస్తువులు ఇవ్వడం గురించి: స్టేషన్ చేతికి ఇవ్వొద్దు. తీర్మానం రాసి, ఎస్పీ ఆఫీసుకి లేఖ పెట్టి, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాక రసీదు తీసుకుంటే అది ప్రభుత్వ ఆస్తి. ఆ దారిన ప్రింటర్ వెళ్తుంది. జీపు డీజిల్ వెళ్ళదు, వెళ్ళకూడదు.

జీతానికి మనిషిని పెట్టుకోవచ్చు, తప్పులేదు. నెలకింత అని బైలాస్‌కి, అంటే సొసైటీ నిబంధనలకి, లోబడి తీర్మానం చేసి, బ్యాంకు ద్వారా ఇవ్వండి. అలాగే సభ్యుల మధ్య తగువొస్తే చట్టంలో 23వ సెక్షనుంది: మధ్యవర్తిత్వం, లేదా జిల్లా కోర్టు. సొసైటీ తగువు స్టేషన్‌లో తీర్చుకున్న రోజు మీ సొసైటీ లేనట్టే లెక్క.

అరండల్‌పేట_టు_అట్లాంటా:

అక్కా, మాది అరండల్‌పేటే, ఇరవై ఏళ్ళ పైబడి అట్లాంటాలో. ఇక్కడ దాదాపు ప్రతి పెద్ద ఊళ్ళో పోలీసు ఫౌండేషన్ అని లాభాపేక్ష లేని సంస్థ ఉంటుంది. న్యూయార్క్‌ది 1971లో పుట్టింది. అప్పుడు ఆ ఊరి పోలీసుల అవినీతి మీద నాప్ కమిషన్ విచారణ నడుస్తోంది. వ్యాపారులు పోలీసుకి నేరుగా ఇవ్వకుండా మధ్యలో ఒక బోర్డు, ఒక లెక్క ఉండాలన్నది అందులో ఒక ఆలోచన. మీ ఆడిటర్ గారు చెప్పేదీ అదేగా.

మా ఊరిది 2003లో పెట్టారు. దాన్ని నడిపే పెద్దాయన సీక్రెట్ సర్వీస్ మాజీ అధికారి, చాలా ఏళ్ళుగా ఆయనే. బోర్డులో పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు. కెమెరాలు, పోలీసులకి ఇళ్ళు, పిల్లలకి కార్యక్రమాలు, పనులైతే గట్టిగానే చేశారు. ఆ తర్వాత పోలీసు శిక్షణ కేంద్రం తలపెట్టారు. 2021 సెప్టెంబరులో సిటీ కౌన్సిల్ దానికి అడవిలాంటి స్థలాన్ని లీజుకిచ్చింది. ఓటింగుకి ముందు జనం ఫోన్లలో చెప్పిన అభిప్రాయాలు గంటల తరబడి వినిపించారు, ఎక్కువ మంది వద్దనే అన్నారు. 2023 జనవరిలో ఆ అడవిలో ఒక నిరసనకారుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అదే ఏడు ఈ విషయాన్ని జనం ఓటుకి పెట్టమంటూ లక్షకు పైగా సంతకాలు సేకరించి ఇచ్చారు, అదీ కోర్టుల్లో చిక్కుకుంది. కేంద్రం కట్టేశారు. శిక్షణ అవసరమా అంటే అవసరమే అనుకుంటాను నేను. కానీ ఆ సంస్థ పెద్ద దాతలతో మాట్లాడటం నేర్చుకున్నంతగా, పక్క కాలనీవాళ్ళతో మాట్లాడటం నేర్చుకోలేదు. నా దృష్టిలో అది పోలీసు సమస్య కాదు, నాయకత్వ సమస్య.

దీనికి పూర్తిగా వేరే నమూనా క్రైమ్ స్టాపర్స్. 1976లో న్యూమెక్సికోలోని ఆల్బకర్కీలో ఒక డిటెక్టివ్ మొదలుపెట్టాడు. పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వొచ్చు, పనికొస్తే బహుమతి. నాకు నచ్చింది డబ్బు కథ. బహుమతి డబ్బు సమీకరించేది, ఎవరికెంతో నిర్ణయించేది మామూలు పౌరుల బోర్డు, పోలీసులు కాదు. సమాచారం ఒక దారిన, డబ్బు ఇంకో దారిన.

ఇంకొక్కటి. ఇక్కడ ఇలాంటి సంస్థలు ఏటా ఫారం 990 అని దాఖలు చేయాలి, అందులో పై ఉద్యోగుల జీతం కూడా ఎవరైనా చూడొచ్చు. మీరు పెట్టుకునే మనిషి జీతం కూడా ఆ గోడ మీద అంటించే కాగితంలో రాసేయండి, గుసగుసలుండవు.

సింగ్‌నగర్_టైలర్:

అన్నీ బాగున్నాయి. చట్టాలు, సెక్షన్లు, అమెరికా. ఒక్కటి అడుగుతాను మేడం గారూ. మీ కమిటీలో డాక్టరు, ల్యాబు, షాపు, ఇంకో షాపు. ఆ రోడ్డు మీద రాత్రిపూట ఉండేదెవరు? పేషెంట్ల బంధువులు దుప్పటి పరుచుకుని పడుకుంటారు, ఆటోవాళ్ళు, బండ్ల వాళ్ళు, ఆయమ్మలు, నైట్ డ్యూటీ నర్సులు. పోయే ఫోన్లు, పోయే సంచులు వాళ్ళవేగా. వాళ్ళ తరఫున కమిటీలో ఒక్కరున్నారా?

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి మా మీద పడింది. మా కాలనీకి వాట్సాప్ గ్రూపుంది, భద్రత కమిటీ అని పేరు కూడా ఉంది, అడ్మిన్లందరూ సొంత మేడలున్నవాళ్ళు. నీళ్ళు గ్రౌండ్‌ఫ్లోర్ ముంచేసినప్పుడు గ్రూపులో దండాల బొమ్మలు తప్ప ఏం రాలేదు. ఏ ఇంట్లో మంచాన పడ్డ ముసలావిడ ఉందో, ఏ ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉందో తెలిసింది పాల ప్యాకెట్లు వేసే కుర్రాడికి. పడవ వాళ్ళకి దారి చూపించింది వాడే. వాడు ఆ గ్రూపులో లేడు, అద్దెకుంటాడని చేర్చలేదు.

ఇంకో మాట. షాపుల వాళ్ళు భద్రత అంటే ముందు అడిగేది తోపుడు బండ్లు తీయించమని. బండి పెట్టుకునేవాడికి పోలీసంటే భద్రత కాదు, భయం. వీధి వ్యాపారులకి 2014 నుంచి చట్టముంది, టౌన్ వెండింగ్ కమిటీ అని ఉంటుంది. బండి ఎక్కడ పెట్టాలో తేల్చాల్సింది అక్కడ. మీ సొసైటీ ఆ పనికి దిగితే మాత్రం నేను మీ వైపు కాదు.

మందులకొట్టు_గుంటూరు:

టైలర్ గారూ, నిజం చెప్పాలంటే మీ మాట చదివాకే కాగితం తీసుకుని కూర్చున్నాను. సెక్షన్లు చదివినప్పుడు కూర్చోలేదు.

శనివారం రాత్రి షాపు మూశాక సీఐ గారితో, ల్యాబు ఆయనతో, ఇద్దరు డాక్టర్లతో మాట్లాడాను. ఒప్పుకుంటాను కానీ, అని మొదలుపెట్టాను. పదవి ఆయనకి వద్దన్నాను. రిటైర్డ్ సార్ చెప్పినట్టే జరిగింది, ఆయన మొహంలో బరువు దిగినట్టుంది, "నేనే చెబుదామనుకున్నా" అన్నారు. మొహం మాడ్చుకుంది ల్యాబు ఆయన. దాతల పేర్లు స్టేషన్‌కి ఇవ్వం అన్నాను. సరే అన్నారు. చివరి అరగంట మేమే కూర్చుంటాం అంటే నవ్వి, "నా మీద చెప్పుకోవడానికా" అన్నారు. అవునండీ, అందుకే అన్నాను.

ఫుటేజికి కాగితం దగ్గర మాత్రం తేలలేదు. "రాత్రి రెండింటికి గొలుసు తెంపుకుపోతే నా కానిస్టేబుల్ నోటీసు టైపు చేయించుకుని రావాలా అమ్మా" అని అడిగారు. అదీ నిజమే. అప్పుడు మా హెచ్1 రిజిస్టర్ తీసి కౌంటర్ మీద పెట్టాను. మందు పేరు, డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎంత ఇచ్చాం, మూడేళ్ళు దాచాలి. రాత్రి రెండింటికి కూడా రాసే ఇస్తాం, ఎంత కంగారున్నా రాయకుండా ఇవ్వం. ఇలాంటిదే ఫుటేజికి పెడదాం, తేదీ, టైము, ఏ కెమెరా, ఎందుకు, తీసుకున్నవాళ్ళ పేరు, నంబరు, సంతకం. నోటీసు మర్నాటికల్లా రావాలి, రాకపోతే తర్వాతిసారి ఇవ్వం అన్నాను. కాసేపు పేజీలు తిప్పి చూశారు. "ఒక నెల నడిపి చూద్దాం" అన్నారు. అది ఒప్పుకున్నట్టో కాదో నాకింకా తెలియదు.

మా షాపు కెమెరాలు సొసైటీలో కలపను, వేరుగానే ఉంచుతాను. మందుల షాపుల మీద సమాచారమేదైనా వస్తే నేను ఆ చర్చలో కూర్చోనని మినిట్స్‌లో రాయించాను. అలాంటివి తెలిసినవాళ్ళు నేరుగా మత్తుమందుల మీద పనిచేసే ఈగల్ పోలీసు విభాగం నంబరు 1972కి ఫోన్ చేసుకోవాలి, సొసైటీకి కాదు. జీతానికి మాత్రం ఒకావిడ దొరికారు, ఒక నర్సింగ్ హోంలో నైట్ ఇన్‌చార్జిగా చేసి మానేసినావిడ. ఆ రోడ్డులో సెక్యూరిటీ గార్డుల నుంచి పోస్టుమార్టం దగ్గర టీ అమ్మే అతని దాకా అందరూ ఆమెకి తెలుసు. ఆవిణ్ణి పెట్టుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, జీతం గోడ మీద అంటిస్తామంటే ఆవిడే కాస్త ఆలోచించారు.

కమిటీలో జ్యూస్ బండి అతన్నీ, ఆటో స్టాండు నుంచి ఒకర్నీ వేద్దామంటే ల్యాబు ఆయన లేచారు. బైలాస్‌లో సభ్యత్వం "వ్యాపార సంస్థల యజమానులకు, వైద్యులకు" అనే ఉందట. మీటింగ్ అక్కడ ఆగింది. జ్యూస్ బండి అతను మాత్రం మీటింగ్ రాత్రి పదకొండు తర్వాత పెడితేనే వస్తానని ముందే షరతు పెట్టాడు. ఆడిటర్ గారూ, బండి ఉన్నవాడు వ్యాపార సంస్థ యజమాని కాదా?

ఆడిటర్_బ్రాడీపేట:

బండి అతను యజమానే అని వాదించొచ్చు, వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉంటే ఇంకా మంచిది. ఆటో అతని దగ్గర, నర్సుల దగ్గర ఆ వాదన నిలవదు. అందుకే ఒక్కొక్కరికీ దారి వెతక్కుండా ఆ నిబంధనే మార్చేయండి. జనరల్ బాడీకి నోటీసిచ్చి, ప్రత్యేక తీర్మానం చేసి, రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. ల్యాబు గారు ఓటేయకపోయినా మిగతావాళ్ళ సంఖ్య సరిపోతుందేమో ముందు లెక్క చూసుకోండి. "ఈ పరిధిలో నివసించే, పనిచేసే వయోజనులు ఎవరైనా" అని రాస్తే చాలు. పాత బైలాస్ అన్ని పేజీలూ స్కాన్ చేసి పెట్టండి, కోరం ఎంత రాశారో చూసి నోటీసు ముసాయిదా నేను రాసిస్తాను.